1972 సీజే-3బీ జీపు: డీజిల్ ఇంజన్ వేయించాలా, ఉన్న పెట్రోల్ ఇంజన్‌నే బాగు చేయించాలా?

లంబసింగి జీపు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారి కాలం నుంచి మా ఇంట్లో ఉన్న మహీంద్రా సీజే-3బీ జీపు విషయంలో మీ సలహా కోరుతున్నాను. రిజిస్ట్రేషన్ పుస్తకంలో 1972 అని ఉంది. ఎత్తు బానెట్, 80 అంగుళాల వీల్‌బేస్, నాలుగు సిలిండర్ల హరికేన్ ఎఫ్-134 పెట్రోల్ ఇంజన్, మూడు గేర్ల టీ-90 బాక్సు, దాని వెనుక ముందు, వెనుక యాక్సిళ్ళకు బలాన్ని పంచే స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు, ఇవన్నీ బండితో వచ్చినవే. టైర్లు 6.00-16. చింతపల్లి అవతల మాకున్న కాఫీ, మిరియాల తోటకు వారానికి రెండుసార్లు వెళ్ళి రావడానికీ, వానాకాలంలో తోటలోని బురద దారుల్లో గోతాలు చేరవేయడానికీ దీనినే వాడుతున్నాము. ఫోర్ వీల్, లో గేరు ఇప్పటికీ తడుముకోకుండా పడతాయి.

ఇబ్బంది రెండు చోట్ల ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కేటప్పుడు మలుపులో వేగం తగ్గిందంటే, రెండో గేరులో బండి లాగలేక వణకడం మొదలుపెడుతుంది; మొదటి గేరులోకి దింపితే అరుపే తప్ప నడక ఉండదు, పైగా బండిని పూర్తిగా ఆపితే తప్ప ఆ గేరు కిర్రుమనకుండా పడదు. ఘాట్ దిగి మైదానంలోకి వచ్చాక 60 దాటితే ఇంజన్ మోతకు పక్కన కూర్చున్నవారి మాట వినిపించదు. లీటరుకు 7 కిలోమీటర్లు రావడం కూడా గగనంగా ఉంది.

ఇంజన్ మార్పించడమే మార్గమని అందరూ అంటున్నారు కానీ ఏ ఇంజన్ అన్న దగ్గర ముగ్గురు మూడు మాటలు చెబుతున్నారు. ఒక షెడ్డువారు పాత మహీంద్రా జీపు నుంచి తీసిన ఎండీఐ 3200 డీజిల్ ఇంజన్ వేసి పది రోజుల్లో బండి అప్పగిస్తామన్నారు. మరొకరు ఎంఎం 540 లో వచ్చిన ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 అయితే తేలికగా కూర్చుంటుందన్నారు. మా బావగారి మిత్రుడొకరు ప్రమాదంలో దెబ్బతిన్న థార్ నుంచి 2.5 లీటర్ల కామన్ రైల్ (కంప్యూటరు నియంత్రణతో నడిచే కొత్త తరం డీజిల్) ఇంజన్ ఇప్పిస్తానంటున్నారు. వీటిలో ఏది మేలు, దానిని నా గేర్‌బాక్సూ యాక్సిళ్ళూ తట్టుకుంటాయా, కాగితాల సంగతి ఏమిటి అన్నవి అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

హైలో లీవర్

లంబసింగి జీపు గారికి నమస్కారం. మీరు ఇంజన్ దగ్గర మొదలుపెట్టి చక్రం వైపు వస్తున్నారు. ఇటువంటి బళ్ళలో చక్రం దగ్గర మొదలుపెట్టి వెనక్కి ఇంజన్ దాకా వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే మీరు చెప్పిన రెండు ఇబ్బందుల్లో సగానికి సగం ఇంజన్‌వి కావు, గేర్ల పళ్ళ లెక్కవి.

6.00-16 టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.2 మీటర్లు ముందుకు వెళుతుంది. ఈ జీపును మొదట తయారుచేసిన అమెరికా సంస్థ విల్లీస్ కాలం నుంచి సీజే-3బీ యాక్సిళ్ళలో మామూలుగా ఉండే క్రౌన్, పినియన్ జత (షాఫ్ట్ తిరుగుడును చక్రాలకు అందించే పెద్ద, చిన్న గేర్లు) 43కి 8 పళ్ళది, అంటే 5.38 నిష్పత్తి. టాప్ గేరు నేరుగా 1కి 1 కాబట్టి, ఇంజన్ నిమిషానికి 3,200 చుట్లు తిరుగుతున్నప్పుడు చక్రం తిరిగేది 595 చుట్లే, బండి వేగం గంటకు 78 కిలోమీటర్లే. ఎండీఐ 3200 ఇంజన్ పరుగు సరిగ్గా అక్కడికే ముగిసిపోతుంది. ఆ ఇంజన్‌ను నొప్పించకుండా 2,400 వద్ద నడిపితే మీ వేగం 59. అంటే ఇంజన్ మార్చి, డబ్బు పోసి, ఇప్పుడు మీరు ఇబ్బంది పడుతున్న వేగం దగ్గరికే తిరిగి వస్తారు; మోత మాత్రం పెట్రోల్‌ది పోయి డీజిల్‌ది అవుతుంది. ఎక్స్‌డీపీ 4.90 స్వభావం వేరు. అది 90 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 2,112 సీసీతో 4,500 ఆర్‌పీఎం దాకా తిరుగుతూ 62 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్, కనుక 5.38 పళ్ళకు అదే కొంత నయం. కానీ దాని టార్కు, అంటే షాఫ్ట్‌ను తిప్పే బలం, సుమారు 120 న్యూటన్ మీటర్లు. ఆరోగ్యంగా ఉన్న హరికేన్ టార్కు 2,000 ఆర్‌పీఎం దగ్గర 155. డీజిల్ అనగానే బలంగా లాగుతుందన్న నమ్మకంతో ప్యూజో వేయించుకున్నవారు ఘాట్‌లో ఎందుకు నిరాశపడతారో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఇక ఘాట్ సంగతి చూద్దాము. టీ-90 బాక్సులో మొదటి గేరు 2.8, రెండోది 1.55, మూడోది 1. మొదటికీ రెండోదానికీ మధ్య ఉన్న ఆ గండి వల్లనే మీ బండి రెండోదానిలో వణుకుతూ, మొదటిదానిలో అరుస్తూ ఉంటుంది. మొదటి గేరుకు సింక్రో (గేర్ల వేగాలను కలిపి సాఫీగా పడేలా చేసే రింగు) ఉండదు కాబట్టి నడుస్తుండగా దింపడానికి డబుల్ క్లచ్ తెలియాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయండి. క్లచ్ వదిలి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారి అదిమి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేయండి. వారం రోజుల సాధనతో వస్తుంది, పైసా ఖర్చు లేదు. ఈ గండిని నిజంగా పూడ్చేది నాలుగు గేర్ల బాక్సు. అయితే 80 అంగుళాల వీల్‌బేస్‌లో ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వెనుక యాక్సిల్‌కు వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ అసలే పొట్టిది. బాక్సు నాలుగు అంగుళాలు పొడుగైతే ఆ నాలుగు అంగుళాలూ ఆ షాఫ్ట్ నుంచే పోతాయి, షాఫ్ట్ చివర్లలోని క్రాస్ కీళ్ళ కోణం పెరుగుతుంది, ముందు షాఫ్ట్‌ను పొడిగించాలి. బాక్సు కొనేముందు దాని పొడవు టేపుతో కొలిచి, మీ టీ-90 పొడవుతో పోల్చుకోవడం మరువవద్దు.

కామన్ రైల్ ఇంజన్ గురించి ఒక్క లెక్క చెప్పి ఊరుకుంటాను. ట్రాన్స్‌ఫర్ కేసును లో గేరులో (లో రేంజ్‌లో) పెట్టి మొదటి గేరు వేస్తే మీ బండిలో మొత్తం నిష్పత్తి 2.8, 2.46, 5.38 ల గుణకారం, అంటే సుమారు 37. హరికేన్ 155 న్యూటన్ మీటర్లు ఆ 37తో హెచ్చిస్తే యాక్సిళ్ళ మీద పడేది సుమారు 5,700. థార్ ఇంజన్ 247తో హెచ్చిస్తే 9,100. మీ వెనుక యాక్సిల్‌లో చక్రం బిగించే హబ్బు, షాఫ్ట్ కొసన ఉన్న టేపరు (క్రమంగా సన్నబడే భాగం) మీద కూర్చుని, కీ అనే చిన్న ఇనుప ముక్క ఆధారంగా తిరుగుతుంది. బురదలో పట్టు దొరికిన క్షణంలో ఆ కీ తెగడమో, షాఫ్ట్ మెలితిరగడమో జరుగుతుంది. ఆ ఇంజన్‌కు కంప్యూటరు, సెన్సర్లు, వైరింగు మొత్తం తేవాలన్నది తరువాతి మాట.

కాబట్టి ముందుగా మీ పళ్ళ నిష్పత్తి నిజంగా ఎంతో తేల్చుకోండి, యాభై ఏళ్ళలో ఎవరైనా మార్చి ఉండవచ్చు. దీనికి యాక్సిల్ విప్పనక్కర లేదు. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ఫోర్ వీల్ తీసి, గేరు న్యూట్రల్ చేసి, వెనుక చక్రాల్లో ఒకదాన్ని నేల మీదే ఉంచి రెండోదాన్ని మాత్రమే జాకీతో లేపండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దముక్కతో ఒక గీత, టైరు మీద ఒక గీత గీయండి. లేపిన చక్రాన్ని చేత్తో సరిగ్గా 20 చుట్లు తిప్పుతూ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకరిని లెక్కపెట్టమనండి. డిఫరెన్షియల్ వల్ల ఒక చక్రం 20 చుట్లు తిరిగితే రెండూ కలిసి 10 తిరిగినట్లు లెక్క. షాఫ్ట్ 53¾ చుట్లు తిరిగితే మీవి 43కి 8 పళ్ళు. 48¾ అయితే 39కి 8, నిష్పత్తి 4.88. 43కు కాస్త తక్కువైతే 47కి 11, నిష్పత్తి 4.27. ముందు యాక్సిల్‌కు కూడా ఇదే పరీక్ష చేయండి, ముందూ వెనుకా ఒకే నిష్పత్తి లేకపోతే ఫోర్ వీల్ వేసిన ప్రతిసారీ గట్టి నేల మీద గేర్లు ఒకదానినొకటి మెలిపెట్టుకుంటాయి.

రెండో పని కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కొక్క సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో గేజితో చూడడం. ఇంజన్ వేడి మీద ఉండగా నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి చూస్తే ఎఫ్-134 లో 120 నుంచి 130 పీఎస్‌ఐ ఉండాలి. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, ఆ తరువాత ఇంజన్ గురించి మాట్లాడుకుందాము.

ఆర్సీ పుస్తకం

పై సభ్యులు యంత్రం సంగతి చెప్పారు. కాగితాల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే చాలామంది దీనిని బండి తయారైన తరువాతనే అడుగుతారు.

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణతో 182ఏ సెక్షన్ కొత్త రూపంలో వచ్చింది. అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాడైన ఇంజన్ స్థానంలో అదే రకం ఇంజన్ వేసుకోవడానికి మాత్రం దారి ఉంది: రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి తీసుకుని, కొత్త ఇంజన్ కొనుగోలు రసీదు చూపించి, పుస్తకంలో నంబరు మార్పించుకోవాలి. చట్టంలో కనిపించే 14 రోజుల గడువు మార్పును తెలియజేయడానికే. ముందు బిగించేసి తరువాత చెప్పుకోవచ్చునని దానికి అర్థం చెప్పేవారి మాట వినకండి. పెట్రోల్ బండిని డీజిల్ చేయడం ఇంధనం మార్పు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి ఆమోదం పొందిన కిట్లకు చట్టం ఇచ్చిన వెసులుబాటును షెడ్డులో దింపిన పాత డీజిల్ ఇంజన్‌కు చూపించి అడగలేరు. ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్ళినప్పుడు ఇన్‌స్పెక్టరు మొట్టమొదట చూసేది చాసిస్, ఇంజన్ నంబర్లనే. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ చూసేదీ అవే.

మీ బండికి మరొక కోణం కూడా ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన, అసలు రూపం చెడని బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, నంబరు పలక మీద వీఏ అన్న అక్షరాలు వస్తాయి. 1972 బండి వయసు రీత్యా ఆ అర్హతలోకి వచ్చింది. చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పు చేసిన బండికి ఆ అర్హత ఉండదు. అయితే వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ అవసరాలకూ వ్యాపారానికీ తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, ఇంధనం, మరమ్మతులు వంటి వాటికే రోడ్డెక్కాలి. మీరు గోతాలు మోస్తున్నారు కాబట్టి ఇప్పుడు అది మీకు పనికిరాదు. కానీ ఒకసారి ఇంజన్ మార్చేస్తే, రేపు మీ పిల్లలు దానిని వింటేజ్‌గా ఉంచుకోవాలనుకున్నా ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది.

డెన్వర్ 3బీ

నేను అమెరికాలోని కొలరాడోలో ఉంటాను. మా ఊరు తెనాలి. నా దగ్గర ఉన్నది 1953 విల్లీస్ సీజే-3బీ, అంటే మీ జీపుకు అన్నగారు. ఇక్కడ చట్టం అంతగా అడ్డు రాదు కాబట్టి మీరు చేయాలనుకుంటున్నది నేను చేసేశాను. ఏమి జరిగిందో చెబుతాను, మీకు పనికి రావచ్చు.

ఈ జీపుల్లో వేయడానికి ఇక్కడివారు తరతరాలుగా ఇష్టపడే ఇంజన్ బ్యూక్ 225 వి6 (ఆరు సిలిండర్లు రెండు వరుసల్లో వి ఆకారంలో ఉండే పెట్రోల్ ఇంజన్). దీనిని జీపులో మొదట పెట్టింది కంపెనీయే: 1965లో కైజర్ జీప్ సంస్థ సీజే-5 లో డాంట్‌లెస్ పేరుతో 160 హార్స్‌పవర్ల ఈ ఇంజన్ ఇచ్చింది. హరికేన్‌ది 75 హార్స్‌పవర్ మాత్రమే. వి6 కావడం వల్ల పొట్టిగా ఉండి చిన్న జీపు ముక్కులో సరిగ్గా ఇముడుతుంది. తరువాత కంపెనీ చేతులు మారి, దాన్ని కొన్న ఎఎంసీ (అమెరికన్ మోటార్స్) తన పొడవాటి వరుస ఆరు సిలిండర్ల ఇంజన్ పెట్టాలనుకున్నప్పుడు 1972 మోడల్ సీజే-5 వీల్‌బేస్‌నే సుమారు మూడు అంగుళాలు పెంచాల్సి వచ్చింది. ఇంజన్ పొడవు అనేది కంపెనీకి కూడా ఎంత తలనొప్పో దీనిని బట్టి ఊహించుకోవచ్చు.

నేను పాత సామాన్ల దుకాణంలో ఒక డాంట్‌లెస్ కొని, అడాప్టరు ప్లేటుతో నా టీ-90 బాక్సుకు బిగించాను. మొదటి నెల రోజులు నేల మీద కాలు ఆనలేదంటే నమ్మండి. రెండో నెలలో, ఇంటి ముందున్న చిన్న ఎత్తు మీద, బరువు కూడా లేకుండా, రెండో గేరు పళ్ళు రాలిపోయాయి. బాక్సు మార్చాను. ఆ చలికాలంలో మంచులో కూరుకుని బయటికి వస్తుండగా వెనుక ఎడమ హబ్బు కీ తెగింది. ఇంజన్ తిరుగుతోంది, షాఫ్ట్ తిరుగుతోంది, బండి మాత్రం కదలదు. విప్పి చూస్తే కీ రెండు ముక్కలై, హబ్బు లోపలి టేపరు మీద నల్లగా గీరుకుపోయిన మచ్చ ఉంది. ఒక చోట బలం పెంచితే బలహీనత పక్క భాగానికి జరుగుతుందే తప్ప పోదని అప్పటికి అర్థమైంది. తరువాత తీరిగ్గా పాత పుస్తకాలు తిరగేస్తే, కైజర్ వారు వి6 పెట్టినప్పుడు టీ-90 బాక్సునూ తీసేసి ఇంకా దృఢమైనది ఇచ్చారనీ, పళ్ళ నిష్పత్తిని 3.73కు మార్చారనీ తెలిసింది. నేను వారి పనిలో మూడో వంతు చేసి మొత్తం ఫలితం ఆశించాను.

లంబసింగి జీపు

అందరికీ కృతజ్ఞతలు. డీజిల్ విషయంలో నా ఉత్సాహం బాగా తగ్గింది, ముఖ్యంగా కాగితాల సంగతి విన్నాక. అయినా ఒక సందేహం మిగిలింది. ఊళ్ళో డీజిల్‌గా మారిన పాత పెట్రోల్ జీపులు ఎన్నో తిరుగుతున్నాయి కదా, వాటిలో వచ్చే అసలు ఇబ్బందులు ఏమిటి? ఈ ఆదివారం సుద్దముక్క పరీక్ష, కంప్రెషన్ పరీక్ష రెండూ చేసి ఫలితాలు పెడతాను.

ఆటోనగర్ లేత్

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ళకు పైగా లేత్ పని చేస్తున్నాను. అలా మార్చిన జీపులు మా దగ్గరికి రెండోసారి ఎందుకు వస్తాయో చెబుతాను, మీ సందేహానికి అదే సమాధానం అవుతుందనుకుంటాను.

ఎక్కువ బళ్ళు వచ్చేది గేరు జారిపోతోందన్న ఫిర్యాదుతో. బాక్సు విప్పి కొత్త సామాను వేసినా నెలకే మళ్ళీ మొదలవుతుంది, యజమాని బాక్సును తిడతాడు. లోపం ఉండేది బాక్సులో కాదు, ఇంజన్‌కూ బాక్సుకూ మధ్య పెట్టిన అడాప్టరు ప్లేటులో. ఇంజన్ క్రాంక్ మధ్యబిందువూ గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ మధ్యబిందువూ ఒకే గీత మీద ఉండాలి. ఫ్లైవీల్‌కు డయల్ గేజి బిగించి, దాని ముల్లు బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి బాక్సుకు బిగించే తొడుగు) రంధ్రం అంచుకు ఆనించి, క్రాంక్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పితే ముల్లు అంగుళంలో వెయ్యికి ఐదు వంతులకు మించి కదలకూడదు. తొందరలో చేసిన ప్లేట్లకు ఇరవై, ముప్ఫై దాకా కదలడం నేను చూశాను. ఇన్‌పుట్ షాఫ్ట్ ప్రతి చుట్టులోనూ అంత మేర అటూ ఇటూ ఊగుతుంటే పైలట్ బేరింగు, ముందు బేరింగు, సింక్రో ఏవీ నిలవవు. పది రోజుల్లో బండి అప్పగిస్తామన్నవారిని డయల్ గేజి పెట్టి చూపిస్తారా అని ఒక్క మాట అడిగి చూడండి.

రెండోది సంపు, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె. డీజిల్ ఇంజన్ సంపు గిన్నె ముందువైపు ఉంటే అది సరిగ్గా ముందు యాక్సిల్ మీదికి వస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు రెండు అంగుళాల సందు కనిపిస్తుంది, గోతిలో పడి కమాన్ పట్టీలు పూర్తిగా అణిగినప్పుడు ఆ సందు ఉండదు. అందుకని ఇంజన్‌ను పైకి లేపుతారు, అప్పుడు బానెట్ మూసుకోదు. వెనక్కి వంచుతారు, అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చెడుతుంది. ఎండీఐ బరువైన ఇంజన్ కాబట్టి ముందు పట్టీలకు మరో ఆకు చేర్చక తప్పదు. ఆకు చేరిస్తే ఖాళీ బండి కుదుపు మీ నడుము చెబుతుంది.

చిన్న విషయాలు మరచిపోతారు కానీ అవే బండిని ఇంటి దగ్గర నిలబెడతాయి. డీజిల్‌కు ట్యాంకు దాకా రిటర్న్ పైపు కావాలి, పాత పెట్రోల్ ట్యాంకులో ఆ రంధ్రం ఉండదు. మీ జీపులో వైపర్ ఇంజన్ వాక్యూమ్‌తో తిరిగే రకమైతే, డీజిల్ ఇంజన్‌లో ఆ వాక్యూమ్ పుట్టదు. లంబసింగి మంచులో అద్దాన్ని గుడ్డతో తుడుచుకోవాలి, లేదా వాక్యూమ్ పంపో, ఎలక్ట్రిక్ మోటారో పెట్టుకోవాలి. స్టార్టరు పెద్దది కనుక బ్యాటరీ, దాని తీగలు పెద్దవి కావాలి. రేడియేటరు కోర్ మందం పెంచాలి, ఫ్యానుకు ష్రౌడ్ (గాలి పక్కకు పోకుండా చేసే తొడుగు) కట్టాలి. ఇవన్నీ కలిపితే ఇంజన్ ధరకు సమానమైన ఖర్చు మళ్ళీ వస్తుంది.

మీరు ఏ దారిలో వెళ్ళినా స్పైసర్ 18 కేసును మాత్రం ఒకసారి విప్పించండి. హై రేంజ్‌లో కూడా దీనిలో బలం మధ్య గేరు గుండానే వెళుతుంది, కాబట్టి టాప్ గేరులో నడిచినా ఆ మధ్య షాఫ్ట్‌కు విశ్రాంతి ఉండదు. షాఫ్ట్ బయటికి తీసి బొటనవేలి గోరుతో అడ్డంగా గీయండి. రోలర్లు తిరిగిన చోట గోరు తట్టుకుంటే షాఫ్ట్, రోలర్లు రెండూ మార్చాలి. ఈ షాఫ్టులు పాత కేసుల్లో 1⅛ అంగుళం, తరువాతి వాటిలో 1¼ అంగుళం ఉంటాయి; కొలవకుండా కొంటే తిరిగి ఇవ్వడానికి ఇంకో రోజు పోతుంది. గేర్‌బాక్సు ఆయిల్ తగ్గిపోతూ ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ పెరుగుతోందా అన్నది కూడా చూసుకోండి, మధ్య సీలు అరిగితే ఆయిల్ అటు నుంచి ఇటు వస్తుంది. సింక్రో రింగులు ఇత్తడివి కాబట్టి జీఎల్-4 రకం ఆయిలే పోయాలి.

లంబసింగి జీపు

ఆదివారం పరీక్షలు పూర్తి చేశాము. చక్రం నేను తిప్పాను, చుట్లు మా అమ్మాయి లెక్కపెట్టింది. వెనుక 53 దాటి ముప్పావు దగ్గర గీత ఆగింది. ముందు యాక్సిల్‌కూ అంతే వచ్చింది. అంటే రెండూ 5.38, ఎవరూ ముట్టుకోలేదు.

కంప్రెషన్ మొదటి సిలిండర్‌లో 110, రెండోదానిలో 105, మూడోదానిలో 70, నాలుగోదానిలో 100 వచ్చాయి. మూడోదానిలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూసినా 70 దగ్గరే ఉంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి రోటర్‌ను చేత్తో మెలితిప్పితే తిరిగి స్ప్రింగులా వెనక్కి రావలసినది, వచ్చిన చోటే ఉండిపోయింది.

హైలో లీవర్

మీ బండి రోగం దాదాపుగా తేలిపోయింది. ఆయిల్ పోసినా మూడోదానిలో అంకె పెరగలేదంటే రింగులకన్నా వాల్వు మీదే అనుమానం. ఈ ఇంజన్‌లో ఇన్‌లెట్ వాల్వు హెడ్డులోనూ, ఎగ్జాస్ట్ వాల్వు బ్లాకులోనూ ఉంటాయి, కాలిపోయేది సాధారణంగా రెండోదే. హెడ్డు తీసి బ్లాకులో పైనుంచి చూస్తే ఆ వాల్వు అంచు తిన్నట్లుగా కనిపించవచ్చు. గాస్కెట్ కూడా అప్పుడే పరిశీలించండి. రోటర్ వెనక్కి రాలేదంటే లోపలి బరువులు తుప్పుతో బిగుసుకున్నట్లే. వేగం పెరిగినా టైమింగ్ ముందుకు జరగడం లేదు. ఘాట్‌లో లాగకపోవడానికీ, లీటరుకు 7 రావడానికీ ఈ రెండు కారణాలు చాలు. మీరు ఇన్నాళ్ళూ మూడుంపావు సిలిండర్లతో లంబసింగి ఎక్కారన్నమాట.

నా సలహా ఇది. హెడ్డు దింపి, వాల్వులన్నీ సీటింగ్ చేయించి, దెబ్బతిన్నవి మార్చండి. బోరు కొలిపించి, అరుగుదల హద్దు దాటితేనే రీబోరుకు (సిలిండర్‌ను మళ్ళీ కోయించడానికి) వెళ్ళండి. డిస్ట్రిబ్యూటర్, కార్బురేటర్ విప్పి శుభ్రం చేయించండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ కాబట్టి పంపు డయాఫ్రమ్, రబ్బరు గొట్టాలు దానికి తట్టుకునే రకానివి వేయించండి. 5.38 పళ్ళను కదిలించవద్దు, తోట దారికి అవే కావాలి. మైదానంలో మోత తగ్గడానికి 7.00-16 టైర్లు వేసుకోండి. ఒక చుట్టుకు సుమారు 2.35 మీటర్లు నడుస్తాయి, అంటే 5.38 పళ్ళు 5.04 లాగా పనిచేస్తాయి. 2,800 ఆర్‌పీఎం దగ్గర ఇప్పుడు 69 ఉన్న వేగం 73 అవుతుంది. పెద్ద తేడా కాదు, కానీ ఘాట్‌లో పోగొట్టుకునేది కూడా అంతే తక్కువ. నాలుగు గేర్ల బాక్సు సంగతి ఇంజన్ బాగయ్యాక ఒక వానాకాలం నడిపి చూసి ఆలోచించవచ్చు.

ఆటోనగర్ లేత్

పై మాటతో ఏకీభవిస్తున్నాను. రెండు చేర్పులు మాత్రమే. వెనుక హబ్బులు ఎలాగూ విప్పుతారు కాబట్టి కీలు కొత్తవి వేసి, టేపరు మీద నూనె చుక్క లేకుండా తుడిచి, నట్టును టార్క్ రెంచితో 150 పౌండ్ ఫీట్లకు తగ్గకుండా బిగించి, స్ప్లిట్ పిన్ను రంధ్రం కుదరకపోతే వెనక్కి వదలకుండా ఇంకా ముందుకే బిగించండి. 7.00-16 టైర్లు వేశాక స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరు కమాన్ పట్టీలకు రాసుకుంటుంటే యాక్సిల్ మీది స్టాపర్ బోల్టును రెండు మరలు బయటికి తీయండి. స్పీడోమీటర్ తీగ ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వస్తుంది, దానికి టైరు మారిన సంగతి తెలియదు. మీటరు 56 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 60లో ఉంటారు.